కుంట కట్టకు వట్టివేరు, గరిక: ఐదేళ్లు వాడాక

2019 వేసవిలో మా చేనులో ఫారంపాండ్, అంటే వాననీటి కుంట, తవ్వించాం. పది మీటర్ల పొడవు, అంతే వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు. అనంతపురం జిల్లా, ఎర్ర గరుసు నేల. తవ్విన మట్టినే చుట్టూ కట్టగా పోశాం. మా దగ్గర వాన తక్కువే, కానీ పడేదంతా నాలుగు దెబ్బల్లో పడుతుంది. మొదటి దెబ్బకే కట్ట నిండా చారలు పడి, మట్టి మళ్లీ కుంటలోకే జారింది.

అప్పుడు మట్టిని ఆపడానికి వట్టివేరు గడ్డి తెచ్చాను. గుంత అంచుకూ కట్టకూ మధ్య వదిలిన చోట ఒక వరస, కట్ట బయటి వాలులో ఒక వరస. జానెడు లోపు ఎడంతో నాటితే 700 పిలకలు పట్టాయి. నాటింది సెప్టెంబరు చివర్లో, అదీ అడుగు నుంచి వచ్చిన సారం లేని గరుసులో. వేసవికి సగం ఎండిపోయాయి. అంతకంటే కష్టమేమిటంటే, చచ్చిన పిలక చోటు వెతుక్కుని నీళ్లన్నీ అక్కడి నుంచే దూకాయి. సందులున్న వరస కంటే అసలు వరస లేకపోవడమే నయమనిపించింది. మరుసటి జులైలో చెరువు మట్టి, పశువుల ఎరువు వేసి సందుల్లో మళ్లీ పిలకలు నాటాను. రెండు నెలలు బిందెలతో నీళ్లు పోశాం. ఆ తర్వాత దాని జోలికి పోయే పనే లేదు. ఏడాదికోసారి మోకాలెత్తుకు కోస్తే చాలు. లేత ఆకును మేకలు వదలవు కాబట్టి మొదటి ఏడాది మాత్రం కంప వేసుకోవాలి.

అయితే వరసల మధ్య మట్టిని వట్టివేరు పట్టుకోదు. అక్కడికి స్టైలో అనే మేత మొక్క గింజలు చల్లాను. గింజ తొక్క గట్టిది, వేడినీళ్లలో ముంచి చల్లాలి. పశువులకు మేత బాగా దొరికింది. కానీ ఏప్రిల్‌కు అది ఎండి కట్ట బోసిపోయేది, తొలి వాన సరిగ్గా ఆ బోసి కట్ట మీదే పడేది. చివరికి గరికే దిక్కయింది. చెరువు గట్టు నుంచి మూటలు కట్టి తెస్తుంటే మా చిన్నాయన నవ్వినాడు: "ఏందబ్బీ, మీ నాయన జీవితమంతా గరిక పీకి నడుము ఇరగ్గొట్టుకున్యాడు, నువ్వు తెచ్చి నాటుతుండావా?"

ఆయన భయం ఉత్తది కాదు. వట్టివేరు చిక్కగా ఉన్నచోట గరిక ఆగింది, పలచగా ఉన్న మూల నుంచి వేరుశనగలోకి దూరింది. ఆ మూల ఇప్పటికీ ఏటా తవ్వుతున్నాను.

2021 నవంబరు వానలు అసలు పరీక్ష. కట్ట నిలిచింది. తెగింది నీళ్లు లోపలికొచ్చే దారి ఒక్కటే. అక్కడ ఏ గడ్డీ పనికిరాదు, రాయి పరవాల్సిందే. కుంట తవ్వేరోజే పరిచుంటే ఒక బండెడు రాళ్లతో పోయేది, తర్వాత మూడు బండ్లు పట్టాయి.

కట్ట మీద చెట్లు మాత్రం పెట్టకండి. వేరు కుళ్లితే బొక్క పడుతుంది. సర్కారు తుమ్మ దానంతటదే మొలుస్తుంది, వేలెడున్నప్పుడే పీకాలి.

ఇప్పుడు తవ్వించేవాళ్లు కట్ట పోసేటప్పుడే పైమట్టిని విడిగా కుప్ప పెట్టించండి, ఆఖర్న దాన్ని కట్ట మీద పరిపించండి. నేను ఆ పని చేయలేదు. పిలకల కోసం డబ్బు పెట్టనక్కర్లేదు, మూడేళ్ల దుబ్బు చీలిస్తే కావలసినన్ని వస్తాయి. పోయిన జులైలో మా దుబ్బుల నుంచి పక్క చేను వాళ్లకు 200 ఇచ్చాను. చిన్నాయన కూడా వచ్చి ఒక మూట పట్టుకుపోయినాడు, వట్టివేరు మాత్రమే.