టీషర్టు, మెడల్ పక్కన పెట్టి చూస్తే: ఓ డ్యుయాథ్లాన్ రేసు రివ్యూ

హైదరాబాద్ శివార్లలో ఈ చలికాలం జరిగిన ఒక డ్యుయాథ్లాన్ గురించి ఈ రివ్యూ. రేసు పేరు రాయడం లేదు. కొన్నిచోట్ల గట్టిగానే తిట్టబోతున్నాను, నడిపేదేమో ఉద్యోగాలు చేసుకుంటూ శని ఆదివారాలు దీనికి పెట్టే నలుగురైదుగురు కుర్రాళ్లు, వాళ్లని పేరు పెట్టి బజారుకీడ్చాలని లేదు. పైగా నేను పాల్గొన్న మిగతా రేసులూ అటూ ఇటుగా ఇదే తీరు, కాబట్టి మీరు ఏ డ్యుయాథ్లాన్‌కి డబ్బు కట్టబోతున్నా ఇది పనికొస్తుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ముందు పరుగు, తర్వాత సైకిల్, మళ్లీ పరుగు, అంతే. ట్రయాథ్లాన్‌లో ఉండే ఈత ఇందులో ఉండదు, నాలాగా నడుం లోతు నీళ్లు చూసినా గుండె దడదడలాడేవాళ్లకి ఇదే దిక్కు. వరల్డ్ ట్రయాథ్లాన్ సంస్థ లెక్క ప్రకారం స్టాండర్డ్ దూరం అంటే 10 కిలోమీటర్ల పరుగు, 40 సైకిల్, 5 పరుగు. స్ప్రింట్ అంటే అందులో సరిగ్గా సగం. ఇంకా పిచ్చి ముదిరినవాళ్లకి స్విట్జర్లాండ్‌లో జోఫింగెన్ పవర్‌మ్యాన్ ఉంది, 10 పరిగెత్తి, 150 తొక్కి, దిగి మళ్లీ 30 పరిగెత్తాలి, దాని జోలికి మనం వెళ్లొద్దు. నేను వెళ్లింది స్టాండర్డ్‌కి. ఫీజు రెండున్నర వేల పైచిలుకు.

మనవాళ్లని ఫలానా రేసు ఎలా ఉందని అడగండి, ముందు టీషర్టు గుడ్డ గురించి చెబుతారు, తర్వాత మెడల్ బరువు, ఆ తర్వాత టిఫిన్‌లో వడ పెట్టారా లేదా. ఇవన్నీ మారథాన్ల నుంచి వచ్చిన అలవాట్లు. డ్యుయాథ్లాన్‌లో మనం కట్టే డబ్బు అసలు రెండింటికి: ఒకటి ట్రాన్సిషన్ ఏరియా, రెండోది సైకిల్ రోడ్డు. ఈ రెండూ సరిగా ఉంటే టీషర్టు ఇవ్వకపోయినా నేను మళ్లీ వెళ్తాను. ఈ రేసులో మొదటిది బ్రహ్మాండం, రెండోది సగం సగం.

ముందు మంచి సంగతి. ట్రాన్సిషన్ అంటే సైకిళ్లు పెట్టే చోటు, పరుగు నుంచి సైకిల్‌కి, సైకిల్ నుంచి పరుగుకి మారేది ఇక్కడే, గడియారం మాత్రం ఆగదు. పెద్ద రేసుల్లో ఖరీదైన స్టాండులు ఉంటాయి, వీళ్లు సెంట్రింగ్ పైపులు అద్దెకి తెచ్చి, నడుం ఎత్తున వరసగా బిగించి, ఒక్కో పైపుకి పదేసి సైకిళ్లు సీటు కొక్కెంలా తగిలించేలా చేశారు. చూడ్డానికి ఇల్లు కడుతున్న సైటులా ఉంది కానీ ఒక్క పైపు కదల్లేదు. ప్రతి సైకిల్ కింద బిబ్ నంబరు (రేసులో ఒంటికి తగిలించుకునే మన నంబరు) అంటించిన స్టిక్కరు, కాస్త ఖాళీ, అందులో ఒక తువ్వాలు పరుచుకుని హెల్మెట్, నీళ్ల సీసా సర్దుకునేంత జాగా. లోపలికి వచ్చే దారి ఒకటి, సైకిల్‌తో బయటికి పోయే దారి ఇంకొకటి. ఎవరికి ఎంత దూరం పడినా మొత్తం నడక ఒకేలా ఉండేలా వేశారు, అంటే నా సైకిల్ లోపలికి వచ్చే చోటికి దగ్గరగా ఉంటే బయటికి పోయే చోటికి దూరం. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ చాలామంది నిర్వాహకులకి తట్టదు.

ఇంకో మెచ్చుకోవాల్సింది, లోపలికి బంధుమిత్రుల్ని రానివ్వలేదు. మా ఆయన పవర్ బ్యాంకు, అరటిపళ్లు పట్టుకుని "ఒక్క నిమిషం బాబూ, ఇచ్చేసి వచ్చేస్తా" అని బతిమాలినా గేటు దగ్గర అబ్బాయి కదల్లేదు, "మేడం బయటికొచ్చి తీసుకోవచ్చు సార్, మీరు మాత్రం లోపలికి వద్దు" అన్నాడు. మా ఆయన మొహం మాడ్చుకున్నాడు గానీ అదే రైటు. వేరే ఊళ్లో ఒక రేసులో ట్రాన్సిషన్ మధ్యలో ఎవరి పిల్లలో స్కూటర్ ఆట ఆడుకుంటుంటే వాళ్లని తప్పించుకుంటూ సైకిల్ తోసుకెళ్లాల్సి వచ్చింది.

హెల్మెట్ రూలు కూడా ఖచ్చితంగా అమలు చేశారు. సైకిల్‌ని పైపు మీంచి తీయకముందే హెల్మెట్ పెట్టుకుని గడ్డం కింద క్లిప్ బిగించాలి, తిరిగి వచ్చాక సైకిల్ తగిలించిన తర్వాతే క్లిప్ తీయాలి. మా వరసలో ఒక పెద్దాయన, స్కూల్లో డ్రిల్లు మాస్టారిలా ఉన్నారు, విజిల్ మెడలో వేసుకుని నిలబడ్డారు. నా పక్క కుర్రాడు హెల్మెట్ తల మీద పెట్టుకుని క్లిప్ వేలాడుతుండగానే సైకిల్ లాగబోయాడు. "ఆగు నాయనా, ముందు అది బిగించు" అని సైకిల్ సీటు మీద చెయ్యి వేసి ఆపారు. వాడికి పది సెకన్లు పోయాయి, రుసరుసలాడాడు, ఆయన నవ్వుతూనే ఉన్నారు. మౌంట్ లైన్ కూడా దూరం నుంచి కనిపించేలా ఎర్ర గుడ్డతో గీశారు, ఆ గీత దాటేదాకా సైకిల్ ఎక్కకూడదు, తిరుగుప్రయాణంలో ఆ గీతకి ముందే దిగాలి. గీత దగ్గర ఒక పాప జెండా ఊపుతూ "దిగండి దిగండి దిగండి" అని గొంతు పోయేలా అరుస్తోంది. ఆ పాపకి నిర్వాహకులు ఎక్కువ డబ్బులివ్వాలి.

మొదటి పరుగు గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. పొద్దున ఆరింటికి, చలి, చదునైన రోడ్డు, గుంపులో పడి అందరూ పది కిలోమీటర్ల రేసులా పరిగెత్తేస్తారు, తర్వాత అనుభవిస్తారు. నీళ్ల టేబుళ్లు సరిపోయాయి.

ఇక సైకిల్ రోడ్డు. ఇక్కడే నా కంప్లయింట్ అంతా.

మనలో చాలామంది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద ప్రాక్టీసు చేస్తాం. 23 కిలోమీటర్ల పొడవు, నెత్తిన నీడ, బండ్లు రావు, నిశ్చింతగా తొక్కుకోవచ్చు. దానికి అలవాటుపడి రేసులో మామూలు రోడ్డు మీదికి వస్తే వేరే లోకం. ఈ రేసులో పది కిలోమీటర్లు వెళ్లి యూటర్న్ కొట్టి తిరిగి రావాలి, అలా రెండు చుట్లు. రోడ్డులో ఒక పక్క మాకు ఇచ్చారు, మధ్యలో కోన్లు. మొదటి చుట్టు బాగానే ఉంది, ప్రతి అడ్డరోడ్డు దగ్గరా పచ్చ జాకెట్ వేసుకున్న వాలంటీర్ ఉన్నాడు, స్పీడ్ బ్రేకర్లకి ముందు సుద్దతో బాణం గుర్తు వేశారు, యూటర్న్ దగ్గర కంకర ఊడ్చారు. రెండో చుట్టుకి వచ్చేసరికి, అంటే ఎనిమిది దాటాక, ముందున్నవాళ్లు వెళ్లిపోయారు కదా అని సగం మంది వాలంటీర్లు టిఫిన్‌కి సర్దుకున్నారు. అడ్డరోడ్డులోంచి ఇసుక టిప్పర్ ఒకటి మెల్లగా మా వైపుకే వచ్చి నిలబడింది. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి "ఏందక్కా, రేసు ఇంకా అయిపోలే?" అన్నాడు. పాపం ఆయన తప్పేముంది, ఆపేవాడు లేడు, రోడ్డు ఖాళీగా ఉంది, వచ్చాడు. నేను బ్రేకు వేసి, దిగి, టిప్పర్ వెనక నుంచి చుట్టు తిరిగి మళ్లీ ఎక్కాను.

ఒక్క మాట నిర్వాహకులకి. రేసులో చివరన ఉండేవాళ్లే ఎక్కువ మంది, వాళ్లే మీ ఫీజులో ఎక్కువ భాగం కట్టేది. మొదటి పదిమందికి లక్షలు పోసి కొన్న సైకిళ్లుంటాయి, వాళ్లు గంట పైన అయిదారు నిమిషాల్లో నలభై కిలోమీటర్లు ముగించి వెళ్లిపోతారు. మిగతావాళ్లం హైబ్రిడ్ సైకిళ్ల మీద, పాత రోడ్ సైకిళ్ల మీద, ట్రాఫిక్ మొదలయ్యే టైములో రోడ్డు మీద ఉంటాం. అసలు కాపలా కావాల్సింది మాకు.

డ్రాఫ్టింగ్ సంగతి కూడా అంతే. మనలాంటివాళ్లు వయసుల వారీగా పోటీపడే ఏజ్ గ్రూపు రేసుల్లో ముందున్న సైకిల్ వెనకే అంటిపెట్టుకుని తొక్కకూడదు, పది మీటర్లు దూరం ఉండాలి, దాటాలంటే గబగబా దాటేయాలి. ముందువాడు గాలిని చీల్చుకుంటూ పోతుంటే వెనకవాడికి శ్రమ బాగా తగ్గుతుంది, అందుకే ఈ రూలు. రేసుకి ముందు మైకులో మూడుసార్లు చెప్పారు. తీరా రోడ్డు మీద ఒకే క్లబ్ జెర్సీలు వేసుకున్న ఆరేడుగురు రైలు కట్టి నా పక్కనుంచి సర్రున పోయారు, చూడ్డానికి బండి మీద తిరిగే మార్షల్ ఒక్కడూ లేడు. పట్టుకోలేని రూలు మైకులో చెప్పడం దండగ. ఆ క్లబ్‌లో ఒకాయనకి తన ఏజ్ గ్రూపులో మూడో బహుమతి కూడా వచ్చింది.

కిట్ ఇచ్చేటప్పుడు సైకిల్ తనిఖీ కూడా పేరుకే. బ్రేకులు పట్టి చూడాలి, హ్యాండిల్ చివర్లలో మూతలున్నాయో లేదో చూడాలి, మూత లేని గొట్టం పడ్డప్పుడు పొట్టలో గుచ్చుకుంటుంది. మాకు స్టిక్కర్లు చేతికిచ్చి "అంటించుకోండి మేడం" అని పంపేశారు.

రెండో పరుగు గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి వెళ్లేవాళ్లు అందరూ ఇక్కడే బెంబేలెత్తిపోతారు. గంటన్నరో, పావు తక్కువ రెండు గంటలో నడుం వంచి కూర్చుని తొక్కాక కింద దిగి పరిగెత్తబోతే కాళ్లు మనవి కావు. తొడల ముందు భాగం బిగుసుకుపోయి, అడుగు ముందుకు పడుతుందో లేదో తెలియదు. విచిత్రం ఏంటంటే చాలా నెమ్మదిగా వెళ్తున్నట్టు అనిపిస్తుంది కానీ వాచ్ చూస్తే అంత నెమ్మదిగా ఉండదు, పెడల్ లయ కాళ్లలో ఇంకా తిరుగుతూ ఉంటుంది కాబట్టి అడుగులు చకచకా పడతాయి. మొదటి కిలోమీటరు ఓపిక పడితే సర్దుకుంటుంది. దీనికి మందు బ్రిక్ ప్రాక్టీసు, వారానికోసారి సైకిల్ తొక్కి, గుమ్మంలో పెట్టి, కూర్చోకుండా వెంటనే రెండు మూడు కిలోమీటర్లు పరిగెత్తడమే. వేరే షార్ట్‌కట్ లేదు. కొనుక్కోవాల్సింది ఏదైనా ఉందా అంటే సాగే లేసులు కొనుక్కోండి, ముడి వేయక్కర్లేదు, బూటులో కాలు దూరిస్తే చాలు. నేను ఆన్‌లైన్‌లో మూడొందల లోపు కొన్నాను, సాగడం తగ్గలేదు. బిబ్‌కి బెల్టు కూడా మంచిది, సైకిల్ మీద నంబరు వెనక్కి, పరుగులో ముందుకి తిప్పుకుంటే సరి, పిన్నీసులతో టీషర్టు చింపుకోనక్కర్లేదు.

రెండో పరుగులో నీళ్ల టేబుల్ దగ్గర ఉప్పు వేసిన మజ్జిగ పెట్టారు. చల్లగా, పల్చగా, కొంచెం అల్లం. ఎండలో అది తాగినప్పుడు నిర్వాహకుల మీద అప్పటిదాకా ఉన్న కోపం సగం పోయిందని ఒప్పుకుంటాను.

మిగతావి త్వరగా. ఆడవాళ్లకి రెండే మొబైల్ టాయిలెట్లు, రేసు మొదలయ్యే ముందు క్యూ పదిహేను నిమిషాలు, బట్టలు మార్చుకోడానికి గుడారం లేదు. ఆడవాళ్ల ఏజ్ గ్రూపులు కూడా రెండే, నలభై లోపు, నలభై పైన, మగవాళ్లకి మాత్రం అయిదు. "మేడం, మీరు తక్కువమంది వస్తారు" అంటారు, టాయిలెట్లు ఇలా పెడితే ఎక్కువమంది ఎందుకొస్తారు? టైమింగ్ చిప్ చీలమండకి కట్టారు, ట్రాన్సిషన్‌లోకి వచ్చేచోటా, పోయేచోటా ఆ చిప్‌ని పసిగట్టే మ్యాట్లు వేశారు కాబట్టి రెండు పరుగులు, సైకిల్, రెండు మార్పులు అన్నిటికీ విడివిడిగా టైములొచ్చాయి, ఇది చాలా బాగుంది. అంబులెన్స్ ఉంది. టిఫిన్‌లో వడ ఉంది, అడుగుతారని చెబుతున్నా. మెడల్ బరువుగానే ఉంది.

అయిదుకి మూడిస్తున్నా. సైకిల్ రోడ్డు సరిచేస్తే నాలుగున్నర.

వచ్చే ఏడాది రేసుకి పేర్లు తీసుకోవడం మొదలైంది, ముందుగా కట్టినవాళ్లకి తగ్గింపు అని మెసేజ్ వచ్చింది. ఫోన్ చేసి మూడు ప్రశ్నలడిగాను: ఆఖరి మనిషి సైకిల్ దిగేదాకా అడ్డరోడ్ల దగ్గర వాలంటీర్లు ఉంటారా, డ్రాఫ్టింగ్ చూడ్డానికి బండ్ల మీద ఎంతమంది, టాయిలెట్లు ఎన్ని. ఎత్తిన అబ్బాయి ఓపిగ్గా విని అన్నిటికీ "తప్పకుండా మేడం" అన్నాడు. అదే మెయిల్‌లో రాసి పంపు నాయనా, అది చూసి కడతానన్నాను. ఇంకా రాలేదు.