గోడ కింది మూడడుగులకి ఏది మేలు: ఫ్రేములా, పలకలా, టైల్సా, పీవీసీనా?

కొత్త ఫ్లాట్‌కి ఇంటీరియర్ మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది ఇప్పుడు ఈ ప్రశ్న దగ్గరే ఆగుతున్నారు. హాల్లోనో బెడ్‌రూంలోనో గోడ కింది మూడడుగులకి ఏదో ఒకటి చేయించాలని ఉంటుంది, ఆ ఏదో ఒకటి ఏమిటన్నది మాత్రం తేలదు. డిజైనర్లు వెయిన్‌స్కాటింగ్ అని ఫొటోలు చూపిస్తారు, వాటిలో ఎక్కువ చలి దేశాల ఇళ్లవే. అక్కడ గోడల చలీ చెమ్మా లోపలికి తగలకుండా చెక్క పలకలు కొట్టుకోవడంతో మొదలైన పని అది. మన ఇళ్లలో గోడ కింది భాగం పడే పాట్లు వేరు. పండగొస్తే బకెట్లతో నీళ్లు పోసి ఇల్లు కడుగుతాం, రోజూ తడిగుడ్డ పెడతాం, చాప వేసుకుని గోడకి తల ఆనించి కూర్చుంటాం కాబట్టి సరిగ్గా రెండున్నర మూడడుగుల ఎత్తులో నూనె మరక పడుతుంది, వీటన్నిటి మీద చెదలు ఒకటి. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే: డిజైన్ సంగతి తర్వాత, ముందు ఆ గోడకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో, నూనె ఎక్కడ తగులుతుందో చూడండి. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

నిజానికి మనవాళ్లకి ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. పల్లెల్లో గోడ పైభాగం సున్నం వేసి, కింద ఎర్రమన్నుతోనో జాజుతోనో పట్టీ వేసేది వాన నీళ్లు చిందినా, మట్టి పడినా కనిపించకుండా ఉండటానికే. బడుల్లో, ఆఫీసుల్లో నాలుగైదు అడుగుల దాకా ఆయిల్ పెయింట్ కొట్టేదీ అందుకే. గోడలో కింది భాగం తుడిచేదిగా ఉండాలి, పై భాగం శ్వాస పీల్చుకునేదిగా ఉండాలి అన్న లెక్క మనకి ముందునుంచీ ఉంది.

ఏం పెట్టినా సరే ముందు గోడని పరీక్షించండి. రెండడుగుల పాలిథిన్ ముక్క తీసుకుని గోడకి అంటించి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా మూసి ఒక రోజో రెండు రోజులో వదిలేయండి. తీసినప్పుడు లోపలి వైపు నీటి చుక్కలు పట్టి ఉంటే గోడలోంచి చెమ్మ వస్తోందని అర్థం. ఆ గోడ మీద ఏ పలక కొట్టినా చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి వెనకాల బూజు పడుతుంది, ఆ వాసన ముందు బీరువాలోని బట్టలకి పడుతుంది. ముఖ్యంగా బాత్రూంకి ఆనుకుని ఉన్న నాలుగంగుళాల గోడ, గ్రౌండ్ ఫ్లోర్‌లో బయటి గోడలు, పెయింట్ పొక్కులు లేచి తెల్లగా ఉప్పు పొంగుతున్న గోడలు, వీటి జోలికి లీకేజీ బాగుచేయించకుండా వెళ్లొద్దు. మరక కనపడకుండా పలక కొట్టేద్దాం అని సలహా ఇచ్చే కార్పెంటర్ ఉంటే ఆ పని ఆయనకి ఇవ్వకండి.

ఇక పోటీలో ఉన్నవాటిలో నా ఓటు ముందుగా ఫ్రేము బీడింగ్‌కి. అంటే గోడ మీద పలక ఏమీ ఉండదు, లప్పం పెట్టిన గోడ మీదే సన్నటి మౌల్డింగ్ పట్టీలు నలభై అయిదు డిగ్రీల కోతతో కలిపి దీర్ఘచతురస్రాల్లా అంటిస్తారు, పైన అడ్డంగా ఒక పట్టీ నడుస్తుంది, ఆపై గోడా పట్టీలూ అన్నీ ఒకే రంగు కొడతారు. చెక్క పట్టీలు ఉన్నాయి, ప్లాస్టిక్ రకాలైన పాలిస్టైరీన్ వి ఉన్నాయి, పీయూ (పాలీయూరిథేన్) వి ఉన్నాయి. చెద భయం ఉన్న చోట చివరి రెండే మంచివి. దీనిలో గొప్ప సంగతి ఏమిటంటే గోడ గోడలాగే ఉంటుంది, వెనక బోలు ఉండదు, చెమ్మ వస్తే వెంటనే కనపడుతుంది, ఒక పట్టీ ఊడితే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు, ఖర్చు కూడా పలకల పనికంటే బాగా తక్కువ. తలనూనె మరక సంగతి పెయింట్ చూసుకోవాలి, కాబట్టి ఆ కింది భాగానికి మామూలు మ్యాట్ ఎమల్షన్ వద్దు, కడిగినా పోని శాటిన్ రకమో ఎనామెలో వేయించండి.

అయితే ఈ పనిలో అందమంతా కొలతలోనే ఉంది, మన పనివాళ్లు అక్కడే తొందరపడతారు. పన్నెండడుగుల గోడ అంటే 144 అంగుళాలు. నాలుగు ఫ్రేములు, మధ్యలోనూ రెండు చివర్లా నాలుగేసి అంగుళాల ఖాళీ అనుకుంటే ఖాళీలకి 20 అంగుళాలు పోయి ఒక్కో ఫ్రేము 31 అంగుళాల వెడల్పు వస్తుంది. పక్క గోడ పదకొండు అడుగులే అయితే ఖాళీ అదే నాలుగు అంగుళాలు ఉంచి ఫ్రేము వెడల్పు 28కి తగ్గించాలి. ఖాళీలు మారితే కన్ను వెంటనే పట్టేస్తుంది, ఫ్రేము మూడంగుళాలు తగ్గితే ఎవరికీ తెలియదు. గోడ ఎగుడుదిగుడుగా ఉంటే పట్టీకీ గోడకీ మధ్య సందు పడుతుంది, ఆ సందు పూడ్చకుండా రంగు కొడితే ఏడాది తిరక్కుండా నల్లగా దుమ్ము గీత తేలుతుంది. మైవాన్ షట్టరింగ్‌తో, అంటే అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీటు గోడలైతే చాలావరకు నునుపుగా, తూకంగా ఉంటాయి, అక్కడ ఈ పని చక్కగా కుదురుతుంది.

పలకలతో చేయించడమంటే దానిలోనే రకాలు. గోడకి పలక కొట్టి దాని మీద నిలువు పట్టీలు వేస్తే ఒక తీరు, సన్నటి నిలువు గాళ్లతో ఉండేది ఇంకో తీరు. డైనింగ్ కుర్చీ వీపు గోడకి రోజూ గుద్దుకునే చోట, పిల్లలు సైకిలూ బొమ్మలూ గోడకేసి కొట్టే గదిలో, ఉత్త పెయింట్ ఆగదు, అక్కడ పలకే మేలు. నిలువు గాళ్ల రకం ఇరుకు నడవాని కాస్త ఎత్తుగా కనిపించేలా చేస్తుంది, కానీ గాళ్లలో చేరే దుమ్ముని మెత్తటి బ్రష్ పట్టుకుని తీయాల్సిందే. ఆ ఓపిక లేని ఇంటికి మొదటి రకం చాలు. మధ్యభాగం ఉబ్బెత్తుగా చెక్కి అంచులు వాలుగా ఉండే రకం కూడా చూపిస్తారు, అది మన టేకు సింహద్వారాల మీద ఎప్పటినుంచో ఉన్నదే, సొంత స్థలంలో ఎత్తు పైకప్పుతో కట్టుకునే ఇంట్లో, ద్వారానికి జతగా టేకుతోనే చేయించగలిగితే దానంత నిండుదనం దేనికీ రాదు. తొమ్మిదిన్నర అడుగుల పైకప్పున్న ఫ్లాట్‌లో ఎండీఎఫ్‌తో (చెక్కపీచుని జిగురుతో అదిమి చేసే బోర్డు) అదే చేస్తే గది బరువెక్కిపోతుంది.

పలక దేనితో అన్నది ఇంకా ముఖ్యం. మామూలు ఎండీఎఫ్ నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్లీ తగ్గదు. కనీసం చెమ్మని బాగా తట్టుకునే హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బోర్డు, లేదా ఐఎస్ 710 ముద్ర ఉన్న (మెరైన్ రకం) ప్లైవుడ్ అడగండి. వెనక వైపూ, కోసిన అంచులూ ప్రైమర్‌తో మూయించండి, మన కార్పెంటర్లు ఎదుటి వైపు అద్దంలా తీర్చి వెనక పచ్చిగా వదిలేస్తారు, నీళ్లు తాగేది ఆ పచ్చి వైపే. విశాఖ, కాకినాడ, బందరు లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ఇనప మేకులు తుప్పు పట్టి రంగులోంచి మచ్చలు తేలతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి వాడమనండి. అన్నిటికంటే పెద్ద షరతు, పలక నేలదాకా దిగకూడదు. కింద నాలుగంగుళాల టైలో గ్రానైటో స్కర్టింగ్ ఉంచి దాని పైనుంచి పలక మొదలుపెట్టాలి. తడిగుడ్డ తగిలేదీ, కడుగు నీళ్లు చిందేదీ ఆ నాలుగంగుళాల్లోనే.

ఎత్తు విషయంలో డబ్బు మిగిలే లెక్క ఒకటుంది. షీటు వచ్చేది ఎనిమిది బై నాలుగు అడుగులు. పలక ఎత్తు 36 అంగుళాలు అనుకుంటే ఒక షీటుకి ఎనిమిది అడుగుల గోడే వస్తుంది, మిగతాది ముక్కలు. అదే 32 అంగుళాలు అనుకుంటే ఎనిమిది అడుగుల పొడవులో సరిగ్గా మూడు ముక్కలు తెగి పన్నెండు అడుగుల గోడ వస్తుంది, రంపం తినే మందం పై పట్టీ కింద కలిసిపోతుంది. పన్నెండు బై పన్నెండు గదిలో తలుపు మూడడుగులూ బాల్కనీ స్లైడింగ్ ఆరడుగులూ తీసేస్తే 39 అడుగుల గోడ, అలాంటివి మూడు గదులంటే 117 అడుగులు. మొదటి లెక్కలో పదిహేను షీట్లు, రెండో లెక్కలో పది. పైగా నాలుగంగుళాల స్కర్టింగ్ మీద 32 అంగుళాల పలక కలిస్తే నేలనుంచి కచ్చితంగా మూడడుగులు, చాలా ఫ్లాట్లలో కిటికీ గట్టు కూడా ఆ ఎత్తులోనే ఉంటుంది కాబట్టి పై పట్టీ గీత గట్టుతో కలిసిపోతుంది. గోడ మీది మామూలు స్విచ్ బోర్డులు నాలుగడుగుల పైన ఉంటాయి, వాటి గొడవ లేదు. మంచం పక్కవీ టీవీ వెనకవీ మాత్రం కిందికి ఉంటాయి, ఫ్రేము గీత బోర్డు మధ్యలోంచి పోతే చూడటానికి చాలా బాధగా ఉంటుంది, కాబట్టి పని మొదలుకాకముందే గోడ మీద పెన్సిల్‌తో గీయించి చూసుకోండి, అవసరమైతే ఎలక్ట్రీషియన్‌తో బోర్డు జరిపించండి.

పీవీసీ ప్యానెళ్ల గురించి అడిగేవాళ్లు ఎక్కువ, ఒక్క రోజులో పని అయిపోతుంది, చెద తినదు, నీళ్లకి చెడదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇవన్నీ నిజమే. కానీ ఆ పలక లోపల బోలుగా ఉంటుంది, చివర్లు మూయకపోతే చీమలూ బొద్దింకలూ కాపురం పెడతాయి, కుర్చీ గట్టిగా తగిలితే సొట్ట పడుతుంది, దాన్ని పూడ్చి రంగు కొట్టే వీలు లేదు, అదే డిజైన్ మళ్లీ దొరకాలి. నాకైతే బట్టలారేసే బాల్కనీ, వాషింగ్ మెషీన్ దగ్గర, స్టోర్ రూం, అంతవరకే. టీవీ వెనక పెట్టే గాళ్ల లూవర్లని హాలంతా కింది సగానికి తిప్పేస్తున్నారు ఈ మధ్య, ప్రతి గాడిలో దుమ్ము చేరుతుంది, వద్దనే అంటాను.

పూజగది దగ్గర మాత్రం రెండో మాట లేదు. దీపం సెగకి పీవీసీ మెత్తబడి వంగుతుంది, చెక్కకి నూనె పీల్చుకునే గుణం, పసుపు కుంకుమ మరకలు పెయింట్‌ని వదలవు, పైగా మంట దగ్గర వీటిలో ఏదీ క్షేమం కాదు. టైలో గ్రానైటో పెట్టించండి, మసి పట్టినా సబ్బు నీళ్లతో పోతుంది. హ్యాండ్‌వాష్ బేసిన్ వెనక గోడా అంతే. హాల్లో నిలువెత్తు టైలు మాత్రం నాకు నచ్చదు, ఎంత ఖరీదైనది తెచ్చినా క్లినిక్‌లో కూర్చున్నట్టు ఉంటుంది.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఇంత ఖర్చు పెట్టక్కర్లేదు. ఓనర్‌ని ఒక మాట అడిగి మూడడుగుల దాకా కాస్త ముదురు రంగు వేసి, ఆ గీత మీద ఒకే ఒక్క సన్నటి బీడింగ్ నడిపిస్తే చాలు. ఎనామెల్ మాత్రం వేయించకండి, ఖాళీ చేసేటప్పుడు దాని మీద నేరుగా ఎమల్షన్ పట్టదు, ఎమరీ రుద్ది ప్రైమర్ వేసి అప్పుడు కొట్టాలి, ఆ ఖర్చు మీ అడ్వాన్సులోంచే పోతుంది. తుడవడానికి వీలున్న శాటిన్ ఎమల్షనే తీసుకుని, మిగిలిన రంగు ఒక చిన్న డబ్బాలో మూత బిగించి అట్టే పెట్టుకోండి, మంచం రాసుకున్న చోట మళ్లీ ఒక చేయి వేసుకోవచ్చు.