వెనిస్ ప్రభువా, కంపెనీ దూతా, చిత్రకారుడా: ఎవరి రాయబారం మేలు?

1541 జులైలో ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ పంపిన ఇద్దరు రాయబారులు, రింకోన్, ఫ్రెగోసో, పో నదిలో పడవ మీద పోతుంటే పావియా దగ్గర స్పెయిన్ సైనికులు చంపేశారు. దూతను చంపరాదని విభీషణుడు అన్నకు చెప్పిన నీతిని యూరప్ రాజులూ ఒప్పుకునేవారు. అవసరం పడితే మరిచిపోయేవారు.

అలాంటి ఉద్యోగానికి ఎవరెవరు వెళ్లేవారో చూస్తే మరీ విచిత్రం. ప్రభువులు, లాయర్లు, సైనికులు, పండితులు, చివరికి చిత్రకారులు కూడా. ఎంపిక పరీక్ష లేదు. జీతం వస్తుందన్న భరోసా అంతకన్నా లేదు. ఆ కాలంలో పుట్టి రాయబారి కావాల్సి వస్తే ఎవరి బతుకు కోరుకోవాలి? నేను చూసేవి మూడే: ఖర్చు ఎవరు పెడతారు, ప్రాణానికి ఎంత ముప్పు, ఇక చాలు అనిపించినప్పుడు ఇంటికి పోవచ్చా.

ముందు వెనిస్ సంగతి. రాయబార వ్యవస్థను వాళ్లు నడిపినంత పద్ధతిగా ఇంకెవరూ నడపలేదు. పెద్దింటి మగాళ్లలోంచి ఎన్నుకుంటారు. కాదంటే జరిమానా. రెండు మూడేళ్లు చేసి తిరిగొచ్చాక ఆ దేశం గురించి సెనేట్‌లో పెద్ద నివేదిక చదవాలి. పరాయి రాజు ఇచ్చిన కానుకలు ప్రభుత్వానికి అప్పజెప్పాలి. ఇచ్చే భత్యం చాలదు కాబట్టి పారిస్‌కో మాడ్రిడ్‌కో వెళ్లినవాడు సొంత ఆస్తి కరగబెట్టుకోవాల్సిందే.

ఇస్తాంబుల్‌లో ఉండే వెనిస్ ప్రతినిధిని బైలో అంటారు. మార్కాంటోనియో బార్బరో ఆ పదవిలో ఉండగానే 1570లో సైప్రస్ కోసం యుద్ధం మొదలైంది. ఆయన్ను ఇంట్లోనే నిర్బంధించారు. అక్కడినుంచే రహస్యంగా ఉత్తరాలు పంపాడు. ప్రధాన వజీరు దగ్గరి యూదు వైద్యుడు సాలమన్ అష్కెనాజీ ద్వారా మంతనాలు సాగించి 1573లో సంధి కుదిర్చాడు. సైప్రస్ పోయింది, పైగా మూడు లక్షల డకట్ల (వెనిస్ బంగారు నాణేల) పరిహారం. అయినా బార్బరోకు పరువు పోలేదు. ఊళ్లో పెద్ద పదవి, మాసెర్‌లో పల్లాడియో కట్టిన భవనం, దాని గోడల మీద వెరోనీస్ బొమ్మలు అన్నీ ఆయన కోసం ఎదురుచూస్తూనే ఉన్నాయి.

ఆ భవనం లేనివాడి గతి వేరు. బైలోకు దుబాసీగా, అంటే మాటలు అనువదించి చెప్పేవాడిగా, పనిచేసేది ఇస్తాంబుల్‌లోని పేరా పేట స్థానిక కుటుంబాలవాళ్లు. 1649లో క్రీట్ యుద్ధం నడుస్తుండగా బైలో సొరాంజోను జైల్లో పెట్టారు. ఆయన దుబాసీ గ్రిల్లోను మాత్రం గొంతు బిగించి చంపారు. వెనిస్ కొలువు మంచిదా అని ఎవరైనా అడిగితే, అందులో నువ్వు ప్రభువువా దుబాసీవా అని ఎదురు అడగాలి.

మొగలు దర్బారుకు వచ్చిన ఇంగ్లండ్ దూత థామస్ రో కథ మనకు కొంచెం దగ్గరిది. అప్పటికే 1611లో మన మచిలీపట్నంలో దుకాణం పెట్టిన ఈస్టిండియా కంపెనీయే ఆయనకు జీతం ఇచ్చింది, ఏడాదికి 600 పౌన్లు. ఉత్తరం మీద సంతకం ఇంగ్లండ్ రాజు జేమ్స్‌ది, ఖర్చు వర్తకులది. ఈ మెలికే ఆయన్ను అడుగడుగునా ఇబ్బంది పెట్టింది. 1615 సెప్టెంబరులో సూరత్‌లో దిగి, బుర్హాన్‌పూర్‌లో జ్వరంతో పడుకుని, 1616 జనవరిలో అజ్మీర్‌లో జహంగీర్ దర్బారుకు చేరాడు. సాష్టాంగపడను, మా దేశపు పద్ధతిలోనే నమస్కరిస్తానన్నాడు. దానికి ఒప్పుకున్నారు.

అసలు టెన్షన్ కానుకల దగ్గర వచ్చింది. తెచ్చినవాటిలో గొప్పది ఒక ఇంగ్లిష్ గుర్రపు బండి. జహంగీర్ దాన్ని విప్పించి, అలాంటిదే ఇంకోటి చేయించి, తెచ్చిన బండికి లోపలి గుడ్డ తీయించి జరీ పనితనమున్న ఖరీదైన గుడ్డ వేయించాడు. ఇంత తక్కువ విలువ కానుకలు పంపిన మీ రాజు నిజంగా గొప్పవాడేనా అని బాదుషా ఒక పాద్రీని అడిగాడట. ఇది రో స్వయంగా తన డైరీలో రాసుకున్న మాట. ఇంకోసారి రో తెచ్చిన చిన్న చిత్తరువుకు దర్బారు చిత్రకారులు నకళ్లు గీశారు. దీపాల వెలుగులో అసలేదో తేల్చుకోవడానికి ఆయన తడబడ్డాడు.

మూడేళ్లు అజ్మీర్, మాండూ, అహ్మదాబాద్ అంటూ దర్బారు వెంట తిరిగాడు. బాదుషాతో సంధి పత్రం రాయించుకోవాలన్న కోరిక తీరలేదు. 1618లో యువరాజు ఖుర్రం ఇచ్చిన ఫర్మానాతో సరిపెట్టుకున్నాడు. జహంగీర్ తన స్వీయచరిత్రలో ఎవరెవరి గురించో, ఏయే పక్షుల గురించో రాశాడు. రో పేరు మాత్రం ఎక్కడా లేదు. నాకు ఇందులో రో మీద జాలికన్నా మెచ్చుకోలే ఎక్కువ. మొగలు నేల మీద కోటలు కట్టి యుద్ధాలకు దిగొద్దు, లాభం సముద్రం మీద, నెమ్మదైన వర్తకంలో వెతుక్కోండి అని కంపెనీకి సలహా ఇచ్చిన మనిషి ఆయన. తర్వాతివాళ్లు వింటే మన చరిత్ర ఇంకోలా ఉండేదేమో. తర్వాత 1621 నుంచి 1628 దాకా ఇస్తాంబుల్, 1629లో స్వీడన్, పోలండ్‌ల మధ్య రాజీ. జీవితమంతా ఆ పనే.

బుస్‌బెక్ గురించి క్లుప్తంగా. హాబ్స్‌బర్గ్ రాజు ఫెర్డినాండ్ ఈయన్ను 1554లో సుల్తాన్ సులేమాన్ దగ్గరికి పంపాడు. అంతకు ముందు వెళ్లిన రాయబారి అక్కడ జైలు అనుభవించాడు. ఈయనదీ కొన్నేళ్లు గృహనిర్బంధమే. ఊరుకోలేక ఇంట్లో కోతులు, ఎలుగుబంట్లు పెంచాడు, పాత గ్రీకు చేతిరాత గ్రంథాలు రెండు వందలకు పైగా పోగుచేశాడు. 1562లో ఎనిమిదేళ్ల సంధి తెచ్చాడు. ఖాళీ సమయాన్ని ఇంత బాగా వాడుకున్న రాయబారి ఇంకొకరు నాకు కనిపించలేదు. కానీ అంత ఓపిక నాకు లేదు.

మిగిలింది ఆంట్వెర్ప్ చిత్రకారుడు రూబెన్స్. 1603లో మాంటువా డ్యూక్ కానుకలు స్పెయిన్‌కు తీసుకెళ్తే వానకు చిత్రాలు పాడయ్యాయి. కుంచె చేతిలో ఉంది కాబట్టి తనే బాగుచేసుకున్నాడు. అసలైన రాయబారం తర్వాత వచ్చింది. 1628లో మాడ్రిడ్, 1629లో లండన్. ఒక చిత్రకారుడితో రాజకార్యమా అని నాలుగో ఫిలిప్ మొదట మొహం చిట్లించాడు. ఫలితం మాత్రం దక్కింది: 1630లో ఇంగ్లండ్, స్పెయిన్‌ల మధ్య సంధి. బొమ్మ వేయించుకోవడానికి కూర్చున్న రాజుతో గంటలకొద్దీ మాట్లాడినా ఎవరికీ అనుమానం రాదు, ఇంతకన్నా మంచి ముసుగు ఏముంటుంది?

అవమానాలు ఆయనకూ తప్పలేదు. 1633లో ఆర్‌స్‌కాట్ డ్యూక్ నీ స్థాయి తెలుసుకో అన్నట్టు ఘాటుగా ఉత్తరం రాశాడు. అయితే అప్పటికే రూబెన్స్ తన యజమానురాలు, స్పెయిన్ తరఫున ఆ ప్రాంతాన్ని ఏలుతున్న ఇసబెల్లా కాళ్ల మీద పడి, చేసిన సేవకు ప్రతిఫలంగా ఈ పనుల నుంచి విముక్తి ఒక్కటి ఇప్పించమని అడిగాడు. ఆ సంగతి తర్వాత ఒక స్నేహితుడికి తనే రాసుకున్నాడు. వదిలేసి ఆంట్వెర్ప్‌లో బొమ్మల పని చూసుకున్నాడు.

నా ఓటు ఆయనకే. రో ఆ పని వదిలేస్తే చేతిలో ఇంకో విద్య లేదు. బార్బరోకు అంతస్తు ఉంది గానీ, ఎన్నుకుంటే కాదనే వీలు లేదు. అదే ఒక రాజ్యం తరఫున మనిషిని ఎంచాల్సి వస్తే వెనిస్ పద్ధతే పట్టుకుంటాను, ఆ నివేదికల కోసమైనా. దుబాసీకి మాత్రం ముందుగానే మంచి జీతం, పారిపోవడానికి ఒక పడవ ఏర్పాటు చేస్తాను.