షుగర్ తగ్గించే పొడి కొనేముందు ఇది చదవండి

దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక షాపులో "షుగర్‌కి మూలికల పొడి" అని డబ్బా 1,200 రూపాయలకు అమ్ముతున్నారు. వాకింగ్ స్నేహితులు చెబితే మా నాన్న తెచ్చుకున్నారు. కొద్ది రోజుల్లోనే ఫాస్టింగ్ 180 నుంచి 95కి దిగింది. ఆ వేగమే అనుమానించాల్సిన సంగతి.

ఒక సాయంత్రం నాన్నకు చొక్కా తడిసేలా చెమటలు, చేతుల్లో వణుకు, అడిగినదానికి పొంతన లేని జవాబులు. గ్లూకోమీటర్‌లో 41. 70 లోపు వస్తేనే లో షుగర్ అంటారు, 54 లోపైతే ప్రమాదం. సరిగ్గా మింగే స్థితిలో లేరు కాబట్టి నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేశాం. క్యాజువాలిటీలో డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కించగానే లేచి కూర్చుని "ఇంటికి పోదాం పదండి" అన్నారు. డాక్టరమ్మ పంపలేదు. అర్ధరాత్రికి మళ్లీ 52!

నాన్న వాడేది మెట్‌ఫార్మిన్ ఒక్కటే. దానివల్ల షుగర్ ఇంతలా పడిపోవడం అరుదు. "ఇంకేమైనా వాడుతున్నారా?" అంటే లేదన్నారు. ఆయన లెక్కలో పొడి మందు కాదు మరి! అమ్మ డబ్బా తెప్పించి చూపించాక డాక్టరమ్మ అనుమానం బయటపెట్టారు. ఇలాంటి పొడుల్లో గ్లైబెన్‌క్లమైడ్ లాంటి ఇంగ్లీషు మందు కలిపి అమ్మిన కేసులు ఉన్నాయట. అది షుగర్ ఎంతుందో చూడకుండా ప్యాంక్రియాస్ చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. ఎక్కించిన గ్లూకోజ్ కాసేపట్లో ఖర్చైపోతుంది, మందు ప్రభావం మాత్రం రోజంతా ఉండొచ్చు. కిడ్నీలు బలహీనంగా ఉంటే ఇంకా ఎక్కువసేపు. అందుకే తేరుకున్నారు కదా అని డిశ్చార్జ్ అడగకండి.

డబ్బా మీద ఆకు బొమ్మ, ఫోన్ నంబర్ తప్ప తయారీదారు అడ్రస్ లేదు, లైసెన్స్ నంబర్ లేదు, బ్యాచ్ నంబర్ లేదు. షాపువాడికి ఫోన్ చేస్తే "అంకుల్ టైముకి తినలేదేమో" అని పెట్టేశాడు. డయాబెటిస్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. వీళ్లేమో గోడల నిండా అంటిస్తున్నారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఉంటే వాడటం ఆపి డాక్టర్‌కి చెప్పండి. పారేయొద్దు, బిల్లుతో సహా వెంగళరావు నగర్‌లోని డ్రగ్స్ కంట్రోల్ ఆఫీసులో ఇవ్వండి. మేం మాది ఇచ్చాం.