ఎవరూ తుడవని చోట్లు చూసి కొన్న కారు: పాత హోండా సిటీతో ఆరేళ్లు

2019 నవంబరులో ఏలూరులో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారి దగ్గర 2016 నాటి హోండా సిటీ పెట్రోలు కారు కొన్నాను. మాన్యువల్ గేర్లు, మధ్య రకం ‘వి’ మోడల్. అప్పటికి మీటరులో 41,200 కిలోమీటర్లు ఉన్నాయి. 6 లక్షల 40 వేలు ఇచ్చాను. మొన్న నవంబరుతో ఆరేళ్లు నిండాయి, మీటరు 1,18,000 దాటింది. ఇన్నేళ్లలో అది కదలనని మొరాయించింది ఒక్కసారే. అదీ బ్యాటరీ ఆయుష్షు తీరి, మా ఇంటి గేటు ముందే. పాత కారు కొంటున్నానంటే “ఒకరి తలనొప్పిని డబ్బిచ్చి తెచ్చుకుంటావా?” అని అడ్డుపడిన మా పెద్దమ్మ కొడుకు, తన కూతురి పెళ్లి పనులకు ఈ కారే అడిగి తీసుకెళ్లాడు.

కారు మంచిదే. కానీ మూడేళ్లు ఒకరి చేతిలో తిరిగిన కారుకు కంపెనీ పేరు కంటే ఆ మనిషి అలవాట్లే ఎక్కువ అంటుకుని ఉంటాయి. అందుకే ఈ సమీక్షలో సగం, కొనడానికి ముందు ఏమి చూశానన్నదే రాస్తున్నాను. ఆరేళ్ల తరువాత వెనక్కి తిరిగి చూస్తే ఏ పరీక్ష పనికివచ్చిందో, ఏది అనవసరమో ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది.

మా అవసరం చిన్నదే. అమ్మకు మోకాళ్ల నొప్పులు, వెనుక సీటులో కాళ్లు చాపుకునే చోటు కావాలి. ఇద్దరు పిల్లలు. పండక్కి ఊరెళితే డిక్కీలో నాలుగు పెట్టెలు, ఒక బియ్యం బస్తా పట్టాలి. ఏడు లక్షలలోపు కొత్తది కొంటే చిన్న కారే వస్తుంది. అదే డబ్బుకు మూడేళ్ల పాత సెడాన్ వస్తుంది. హోండా సిటీ, మారుతి సియాజ్, హ్యుందాయ్ వెర్నా, ఈ మూడింటి మధ్యే వెతికాం. 2014 జనవరిలో వచ్చిన నాలుగో తరం సిటీలో 1497 సీసీ పెట్రోలు ఇంజను, 119 పీఎస్ శక్తి, 510 లీటర్ల డిక్కీ. ఆ తరంలో డీజిల్ కూడా ఉంది, కానీ నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాడికి డీజిల్ లెక్క కుదరదు. ఆరు ఎయిర్‌బ్యాగులు కావాలనుకునేవాళ్లు 2017 ఫిబ్రవరి నుంచి వచ్చిన జెడ్ఎక్స్ మోడల్ చూసుకోవాలి. నా కారులో రెండే ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో ఇంకొంచెం డబ్బు పెట్టి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

సిటీ దొరకడానికి ముందు మూడు కార్లు చూసి వదిలేశాం. కంపెనీల పేర్లు అనవసరం. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారి కాలం నుంచి తెలిసిన మేస్త్రి ఒకాయన ఉన్నారు. ప్రతి కారుకూ ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లాను. మొదటి కారు అద్దంలా మెరిసిపోతోంది. ఆయన రంగు వైపు చూడనైనా చూడలేదు. బానెట్ ఎత్తి, మడ్‌గార్డును బిగించిన బోల్టుల మీద వేలు పెట్టి “ఇటు చూడు బాబూ” అన్నారు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు బోల్టు తల మీద కూడా బాడీ రంగే ఉంటుంది. ఇక్కడ కుడివైపు రెండు బోల్టులకు అంచుల్లో రంగు లేచిపోయి, పానా పట్టిన గుర్తులు ఉన్నాయి. ముందు అద్దం మీది ముద్రలో ఉన్న సంవత్సరం మిగతా అద్దాల సంవత్సరంతో కలవలేదు. అంటే ముందు కుడివైపు గట్టిగానే తగిలింది, టింకరింగ్ చేయించి రంగు వేయించారు. అమ్మేవాళ్లు మాత్రం చిన్న గీత కూడా పడలేదన్నారు. గుద్దుకున్నందుకు కాదు, దాచినందుకు వదిలేశాం.

రెండో కారు మీటరులో 38 వేలు. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంది. డ్రైవరు సీటు అంచు కుంగిపోయింది. స్టీరింగు మీద చెయ్యి పెట్టే చోట తోలు జారుడుగా తయారైంది. సర్వీసు సెంటరుకు వెళ్లి కారు నంబరు చెప్పి పాత సర్వీసు వివరాలు అడిగితే, ఏడాది కిందటే 71 వేల కిలోమీటర్లకు సర్వీసు జరిగినట్టు ఉంది. మీటరును ఎంతకైనా తగ్గించవచ్చు, పెడల్ రబ్బరుకు అరుగుదల మాన్పడం ఎవరికీ చేతకాదు. మూడోది కాగితాల దగ్గరే ఆగిపోయింది.

మాస్టారి కారు సంగతికి వస్తాను. ముందురోజు రాత్రి ఫోను చేసి, “మాస్టారూ, రేపు మేము వచ్చేదాకా బండి స్టార్టు చేయకండి” అని అడిగాను. పొద్దున ఏడింటికి వెళ్లి మొదట చేసిన పని బానెట్ మీద అరచెయ్యి ఆనించడం. మంచు తడి ఇంకా ఆరలేదు, చల్లగా ఉంది. వేడెక్కిన ఇంజను చాలా జబ్బుల్ని దాచేస్తుంది. చల్లని ఇంజనును మొదటిసారి తిప్పినప్పుడు వచ్చే శబ్దం, వెనుక గొట్టం నుంచి వచ్చే పొగ నిజం చెబుతాయి. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోందని, ఆగకుండా వచ్చే తియ్యటి వాసన తెల్లపొగ అయితే ఇంజనును చల్లబరిచే ద్రవం, కూలెంట్, లోపలికి పోతోందని అర్థం. చలికాలం ఉదయాన కాసేపు వచ్చే నీటి ఆవిరి చూసి మాత్రం కంగారు పడనక్కర్లేదు. ఈ ఇంజను లోపలి కవాటాలను వేళకు కదిపేది టైమింగ్ బెల్టు కాదు, చైను. స్టార్టు చేసిన మొదటి క్షణాల్లో అక్కడ గలగల వినిపిస్తుందేమోనని మేస్త్రి చెవి దగ్గరగా పెట్టి విన్నారు. ఆయిల్ మూత తీసి అడుగువైపు చూశారు. ఏ లోపమూ లేదు.

ఆ తరువాత రంగు మందం కొలిచే చిన్న మీటరు తీశారు. కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మళ్లీ రంగు వేస్తే 200 దాటుతుంది, లప్పం పెట్టి ఉంటే 500 పైకి కూడా పోతుంది. కారంతా 110, 120, 130 చూపిస్తూ వచ్చిన మీటరు ఎడమవైపు వెనుక తలుపు దగ్గర 240 చూపించింది. మేము నోరు తెరవకముందే మాస్టారు అన్నారు: “అక్కడ మా వీధి గేటుకు గీసుకుపోయింది బాబూ. ఆ ఒక్క తలుపుకే రంగు వేయించాను. బిల్లు లోపల ఉంది, తెస్తానుండండి.” తెచ్చిన ఫైలులో మూడేళ్ల సర్వీసు బిల్లులు తేదీల వరుసలో పిన్ను కొట్టి ఉన్నాయి. పక్కన నోటు పుస్తకంలో పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ కిలోమీటర్లు, లీటర్లు రాసుకున్నారు. ఆ పుస్తకం చూడగానే నాకు సగం ధైర్యం వచ్చింది.

మిగతా సగం రోడ్డు మీద వచ్చింది. పన్నెండు కిలోమీటర్లు నడిపాను. పాటలు పెట్టకుండా, అద్దాలు దించి, ఏసీ ఆపి ఒకసారి, వేసి ఒకసారి. మూడో గేరులో నెమ్మదిగా వెళుతూ ఒక్కసారి యాక్సిలరేటరు తొక్కితే, ఇంజను అరిచినంతగా బండి వేగం అందుకోకపోతే క్లచ్ జారుతున్నట్టు. ఖాళీ మైదానంలో స్టీరింగు పూర్తిగా ఒకవైపు తిప్పి గుండ్రంగా నడిపితే చక్రాల దగ్గర టిక్కుటిక్కుమని వినిపించకూడదు. గతుకుల మీద ముందు చక్రాల దగ్గర డబడబమంటే సస్పెన్షన్‌లోని బుష్షులో, లింక్ రాడ్లో పోయినట్టు. వచ్చాక మేస్త్రి స్కానరు పెట్టి ఇంజను కంప్యూటరులో పాత లోపాలేమైనా ఉన్నాయో, అప్పుడే చెరిపేసిన జాడలు ఉన్నాయో చూశారు.

కాగితాల విషయంలో ఇల్లు కొనేటప్పుడు చూపే శ్రద్ధలో పావు వంతు కూడా మనవాళ్లు కారుకు చూపరు. నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఇన్సూరెన్సు పాలసీ. అందులో ‘నో క్లెయిమ్ బోనస్’ ఎంత శాతమో రాసి ఉంటుంది. క్లెయిము లేని మొదటి ఏడాదికి 20, రెండో ఏడాదికి 25, మూడుకు 35, నాలుగుకు 45, ఐదుకు 50 శాతం. 2016 జూన్‌లో కొన్న కారుకు 2019 పాలసీలో 35 ఉండాలి. ఉంది. మూడేళ్లలో ఒక్క క్లెయిమూ లేదని వాదన అక్కర్లేకుండా తేలిపోయింది. సున్నా కనిపిస్తే ఎందుకని గట్టిగా అడగాలి. ఆ బోనస్ కారుది కాదు, యజమానిది. పాలసీ మన పేరుకు మారినప్పుడు ఆ తేడా సొమ్ము మనం కట్టాలి. ఆ మార్పుకు కూడా బదిలీ జరిగిన 14 రోజుల్లోపు దరఖాస్తు చేసుకోవాలి.

ఆర్‌సీలో, అంటే రిజిస్ట్రేషన్ పత్రంలో, ఇంకా బ్యాంకు పేరు ఉంది. మాస్టారు అప్పు ఎప్పుడో తీర్చేశారు, కానీ ఆర్‌సీలో పేరు తీయించలేదు. ఇది చాలామంది చేసే పొరపాటే. బ్యాంకు నుంచి నిరభ్యంతర పత్రం, అప్పు తీరిందని చెప్పే ఫారం 35 తెప్పించి, ఆ పేరు తొలగించాకే బండిని నా పేరుకు మార్చే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టుకున్నాం. మూడు వారాలు ఆలస్యమైంది. అప్పటిదాకా 20 వేలు అడ్వాన్సు తప్ప పైసా ఇవ్వలేదు. మాస్టారు కూడా తప్పు పట్టుకోలేదు. పెండింగ్ చలాన్లు చూసుకోవడం, ఛాసిస్ నంబరును బండి మీద చదివి ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చుకోవడం, కంపెనీ వెనక్కి పిలిచిన బళ్లలో ఇది ఉందేమో వాళ్ల వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి చూడటం, ఇవి కూర్చున్నచోటే అయిపోయే పనులు. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీవో నిరభ్యంతర పత్రానికి ఫారం 28, మళ్లీ పన్ను, ఇంకో పెద్ద కథ. అందుకే ఆంధ్ర బండినే వెతుక్కున్నాను.

ఇక ఆరేళ్ల వాడకం. వెనుక సీటు ఈ కారుకు ప్రాణం. విజయవాడ నుంచి తిరుపతికి దాదాపు 400 కిలోమీటర్లు, అమ్మ ఒక్కసారి టీకి దిగుతుంది, అంతే. ఇంజను నున్నగా, చురుగ్గా ఉంటుంది. రహదారి మీద లీటరుకు 17, విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో 11. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక నా లెక్కలో రహదారి మైలేజీ 16కు తగ్గింది. మాస్టారి నోటు పుస్తకాన్ని నేనూ కొనసాగిస్తున్నాను కాబట్టి ఇది ఊహ కాదు. ట్యాంకు 40 లీటర్లే. భూమికీ కారుకూ మధ్య ఖాళీ 165 మిల్లీమీటర్లు. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండితే కొలతాపాడూ లేని మన స్పీడ్ బ్రేకర్ల మీద ఏటవాలుగా, నడక వేగంతో ఎక్కించాలి. కుటుంబమంతా పల్లెటూరి మట్టిరోడ్ల మీదే తిరిగేవాళ్లకు నేను ఈ కారు చెప్పను.

ఖర్చులు కూడా రాస్తాను. ఏటా సర్వీసుకు ఆరు నుంచి ఎనిమిది వేలు. 2021లో నాలుగు టైర్లు, 21 వేలు. టైరు పక్కన నాలుగంకెల్లో తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. మావి 1216, అంటే 2016లో పన్నెండో వారం. గాడి ఇంకా ఉన్నా రబ్బరు పగుళ్లు తీసింది కనుక మార్చాను. కొనేటప్పుడే ఆ నాలుగంకెలు చూపించి ధరలో 10 వేలు తగ్గించుకున్నాను. 70 వేల దగ్గర ముందు బుష్షులు, లింక్ రాడ్లు, 9 వేలు. 93 వేల దగ్గర క్లచ్ సెట్టు, 13 వేలు. రెండు బ్యాటరీలు. వయసుకు తగ్గ అరుగుదల తప్ప ఇందులో ఆశ్చర్యపరిచింది ఏదీ లేదు.

కొనేటప్పుడు నేను అంతగా పట్టించుకోని పరీక్ష ఒకటుంది: బండి వరద నీటిలో మునిగిందా అని చూడటం. దాని విలువ 2024 సెప్టెంబరులో తెలిసింది. బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగిపోయాయి. మా పటమట వైపు ఆ నీళ్లు రాలేదు. నీళ్లు తీశాక ఆటోనగర్‌కు వెళితే బురద కొట్టుకున్న కార్లు వరుసలు కట్టి ఉన్నాయి. ఇన్సూరెన్సు కంపెనీలు బాగుచేయడం దండగని తేల్చిన బళ్లు వేలానికి పోతాయి. వాటిలో కొన్ని కడిగించుకుని, సీట్లు మార్పించుకుని మరో ఊరిలో అమ్మకానికి నిలబడతాయి.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో హైదరాబాదులో ఉండే మా బావమరిది ఫోను చేశాడు. “బావా, నాలుగేళ్ల సెడాన్. బయట ధర కంటే లక్షన్నర తక్కువ. ఆంధ్ర బండి. ఇంత తక్కువకు మళ్లీ దొరకదు.” ఆ వారం నేను అక్కడే ఉన్నాను, చూడటానికి వెళ్లాను. తలుపు తీయగానే ముక్కు పగిలేలా సెంటు వాసన. వెనుక సీటు బెల్టును చివరిదాకా లాగమన్నాను. బెల్టు పైభాగం శుభ్రంగా ఉంది. లాగుతూ పోతే, మామూలుగా ఎప్పుడూ బయటికి రాని ఆఖరి మూరెడు ముక్క మీద మట్టిరంగు చార అడ్డంగా కనబడింది, గోడ మీద వరద గీతలాగా. స్టెప్నీ ఎత్తితే కింద గుంటలో ఎండిన ఒండ్రు వేలికి అంటింది. సీటు పట్టాల బోల్టులకు తుప్పు. అమ్మే ఆయన “కడిగేటప్పుడు తడిసి ఉంటుందండీ” అన్నాడు. ఎయిర్‌బ్యాగులను నడిపే పెట్టె చాలా కార్లలో ముందు సీట్ల మధ్య నేలకు ఆనుకునే ఉంటుంది. అది ఒకసారి నానితే వైర్ల జాయింట్లు నెలల తరబడి లోపల్లోపలే తుప్పు పడతాయి. బండి నడుస్తూనే ఉంటుంది. ప్రమాదం జరిగిన రోజున ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటుందో లేదో చెప్పే నాథుడు ఉండడు. మా చెల్లెలి లాంటి అమ్మాయి, బావమరిది భార్య, వాళ్ల చంటిబిడ్డ ఎక్కే కారు అది. లక్షన్నర మాట ఇంకెత్తవద్దని బావమరిదికి అక్కడే గట్టిగా చెప్పాను. వాడికి కోపం వచ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు.

ఏప్రిల్‌లో కరీంనగర్‌లో ఒక సియాజ్ దొరికింది. ఈసారి నేను లేను. పొద్దున ఆరున్నరకు వాడి దగ్గర నుంచి ఫోను: “బావా, బానెట్ చల్లగా ఉంది. బెల్టులు ఐదూ చివరిదాకా లాగాను, మచ్చ లేదు. ఇప్పుడు స్టార్టు చేయిస్తున్నాను, నువ్వూ విను.”