కొత్తవారికి మూడు బీర్లు, వాటికి తగిన నంజుడు

బీరు రుచి తెలుసుకోవాలనుకునే కొత్తవారిని రంగు భయపెడుతుంది, పేర్లు తికమకపెడతాయి. నిజానికి తిండికి తగిన బీరును ఎంచుకోవడానికి పదుల కొద్దీ ఉన్న రకాల పేర్లు కంఠస్థం చేయనక్కరలేదు. చేదు కోసం వేసే హాప్స్ అనే పూల ఘాటు ఎంత ఉంది, బార్లీ ఎంత మాడేలా వేగింది, పులియబెట్టే ఈస్టు ఏ వాసనలు పుట్టించింది అన్న మూడు సంగతులు గుర్తుపట్టగలిగితే చాలు. ఈ మూడింటిలో ఒక్కొక్కదాన్ని స్పష్టంగా చూపించే పిల్స్‌నర్ ఉర్కెల్, గిన్నెస్ డ్రాఫ్ట్, వైహెన్‌స్టెఫానర్ హెఫెవైస్‌బియర్‌లను వేర్వేరు వంటకాలతో రుచి చూసి ఈ సమీక్ష రాస్తున్నాను.

చేదు విలువ తెలియాలంటే పిల్స్‌నర్‌తో మొదలుపెట్టాలి. నేటి చెక్ దేశంలోని బొహీమియా ప్రాంతపు పిల్జెన్ నగరంలో, జర్మనీలోని బవేరియా నుంచి వచ్చిన యోసెఫ్ గ్రోల్ 1842లో తయారుచేసిన బంగారు రంగు లాగర్ (చల్లని చోట నెమ్మదిగా పులియబెట్టే బీరు) ఇది. నేడు లోకమంతా తాగే లేత రంగు లాగర్లలో అధికభాగం దీని అడుగుజాడల్లో పుట్టినవే. అక్కడి నీటిలో ఖనిజ లవణాలు చాలా తక్కువ కాబట్టి, సాజ్ అనే రకం హాప్స్ చేదు నాలుకను గీరకుండా నున్నగా దిగుతుంది. నూనెలో వేయించిన చేప ముక్క తిన్నాక ఒక గుక్క తాగితే చేదూ గ్యాసూ కలిసి నోట్లోని జిడ్డును కడిగేస్తాయి, తరువాతి ముక్క మళ్లీ మొదటి ముక్కలాగే రుచిస్తుంది. ఉప్పు చల్లిన బంగాళాదుంప వేపుళ్లతోనూ ఇంతే. తీపి పదార్థాలతో మాత్రం దీన్ని కలపవద్దు, చేదు వికటిస్తుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వేరే సంస్థ లాగర్ ఒకటి, దీపాల వెలుతురులో నిలబెట్టిన ఆకుపచ్చ సీసాలోది, ఒకసారి తెచ్చుకుని మూత తీయగానే కాలిన రబ్బరు లాంటి వాసన కొట్టింది. హాప్స్ చేదు పదార్థాల మీద వెలుతురు పడితే గంధకపు దుర్వాసన పుడుతుంది. ముదురు గోధుమరంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది, డబ్బా అయితే పూర్తిగా ఆపుతుంది.

నల్లటి బీరు మత్తెక్కువ అన్న అపోహను గిన్నెస్ డ్రాఫ్ట్ తీరుస్తుంది. ఇందులో ఆల్కహాలు 4.2 శాతమే, అంటే పిల్స్‌నర్ ఉర్కెల్‌లోని 4.4 శాతం కన్నా తక్కువ. నలుపంతా కాఫీ గింజల్లా వేయించిన బార్లీది. డబ్బా తెరిచినప్పుడు లోపలి చిన్న ప్లాస్టిక్ బంతి నుంచి నైట్రోజన్ చిమ్ముతుంది. గ్లాసు గోడల వెంట బుడగలు కిందికి జారుతున్నట్లు కనిపించి, కాసేపటికి మీగడ వంటి నురగ పైన నిలుస్తుంది. నిప్పులపై కాల్చిన మాంసంతో, పుట్టగొడుగులతో ఇది చక్కగా కుదురుతుంది, ఎందుకంటే రెండింటిలోనూ ఉన్నది వేగడం వల్ల వచ్చిన రుచే. చాక్లెట్ కేకుతో మాత్రం నన్ను నిరాశపరిచింది. అంత తీపి ముందు ఈ పల్చని స్టౌట్ (వేయించిన బార్లీతో చేసే నల్ల బీరు) నీళ్లలా తేలిపోయింది. కేకుకు ఇంతకంటే చిక్కనైన, తియ్యదనం మిగిలిన స్టౌట్ కావాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది మూడోదైన వైహెన్‌స్టెఫానర్ హెఫెవైస్‌బియర్, అంటే బవేరియా గోధుమ బీరు. పొడవాటి గ్లాసును చన్నీళ్లతో తడిపి, వాలుగా పట్టుకుని నెమ్మదిగా పోసి, అడుగున కాస్త మిగలగానే సీసాను గిరగిరా తిప్పి ఆ మడ్డిని కూడా వంచాలి. మసకగా కనిపించే ఆ మడ్డి ఈస్టే. ముక్కు దగ్గర పెట్టుకుంటే మగ్గిన అరటిపండు, దాని వెనకే లవంగం వాసన వస్తాయి. పండుగానీ మసాలాగానీ వేయకుండానే ఈస్టు ఈ వాసనలు పుట్టిస్తుంది. అరటిపండు వాసనకు కారణమైన ఐసోఅమైల్ ఎసిటేట్ నిజమైన పండులోనూ ఉంటుంది. బవేరియాలో దీన్ని వైస్‌వుర్స్ట్ అనే తెల్లని సాసేజీతో, తియ్యని ఆవముద్దతో కలిపి తీసుకుంటారు. ఆమ్లెట్‌తోనూ, నిమ్మరసం పిండిన కూరగాయ ముక్కలతోనూ, ఆవిరిపై ఉడికించిన చేపతోనూ నాకు అంతే బాగా నచ్చింది. సున్నితమైన రుచులను ఇది కప్పేయదు.

కారం తినేవారికి సాధారణంగా ఐపీఏ (హాప్స్ దండిగా వేసి చేసే చేదైన బీరు) తాగమని సలహా ఇస్తుంటారు, నేను దానితో ఏకీభవించను. ఆల్కహాలూ చేదూ రెండూ మిరప మంటను ఎగదోస్తాయి. ఘాటైన ఐపీఏతో ఎండుమిరపకాయల కోడి వేపుడు తిన్నప్పుడు రెండో ముద్దకే నాలుక మండిపోయి, హాప్స్ సువాసన జాడ కూడా తెలియలేదు. అదే వేపుడును మరునాడు ఈ గోధుమ బీరుతో తిన్నాను. గ్యాసు చురుకు, 5.4 శాతం ఆల్కహాలు ఉన్నందువల్ల మంట చల్లారలేదు గానీ, చేదు తక్కువై గోధుమ మెత్తదనం తోడవడం వల్ల పెరగనూ లేదు, చివరి ముక్క దాకా కోడి రుచి విడిగా తెలుస్తూనే ఉంది.