కారుకి యాక్సెసరీలు వేయిస్తున్నారా? డబ్బులిచ్చేముందు ఫ్యూజు ఎక్కడుందో చూడండి

కారు చేతికొచ్చిన కొన్నాళ్లకే చాలామంది యాక్సెసరీల షాపు దారి పడతారు. ఎక్కువ వాట్ల బల్బులు, పెద్ద హారన్, రివర్స్ కెమెరా, డాష్‌క్యామ్, స్పీకర్లకి ఆంప్లిఫయర్. గంటా రెండు గంటల్లో అన్నీ బిగించేస్తారు, అన్నీ పనిచేస్తాయి కూడా. అసలు చిక్కంతా అక్కడే ఉంది. తప్పుగా వేసిన వైరింగ్ మొదటి రోజు చక్కగా పనిచేస్తుంది. నెలలు గడిచాక డాష్‌బోర్డు సందుల్లోంచి ప్లాస్టిక్ మాడిన వాసన వస్తుంది. అదృష్టం ఉంటే అంతటితో ఆగుతుంది.

ఆగకపోతే ఏం జరుగుతుందో కూడా ముందే తెలుసుకోండి. కాలిన కారుని చూసి "షార్ట్ సర్క్యూట్" అని ఒక్క ముక్క రాస్తారు. వైరింగ్‌ని బయటివాళ్లు కోశారు కాబట్టి వారంటీ వర్తించదని తయారీదారు అనొచ్చు. ఆ ఫిట్టింగుల గురించి ముందే చెప్పారా అని బీమావాళ్లు అడగొచ్చు. బిగించినవాళ్లు "మా దగ్గర్నుంచి వెళ్లేటప్పుడు బాగానే ఉంది కదా" అంటారు. ఏ వైరు, ఎంత ఫ్యూజు అని రాసున్న బిల్లు మీ దగ్గర లేకపోతే మాట్లాడటానికి ఏమీ మిగలదు.

వైరు రెండు రకాలుగా కాలుతుంది. ఈ రెంటికీ తేడా తెలిస్తే షాపులో ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

మొదటిది నిజమైన షార్ట్. కారులో ఇనుప బాడీ అంతా బ్యాటరీ నెగటివ్‌కి కలిపి ఉంటుంది. పాజిటివ్ వైరు తొడుగు ఎక్కడ ఒరుసుకుపోయినా, రాగి బాడీకి తగిలిందంటే షార్టే. 12 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అనుకుంటారు. షాక్ కొట్టదు గానీ ఆ చిన్న బ్యాటరీ షార్ట్‌లో వందల ఆంపియర్లు వదులుతుంది. మామూలు కారు వైరు పీవీసీ తొడుగు తట్టుకునేది 105 డిగ్రీల వరకే. ఇళ్లకి వాడే వైరయితే 70 డిగ్రీలే, అదే తెచ్చి బానెట్ కింద వేసేవాళ్లూ ఉన్నారు. కొన్ని సెకన్లలో తొడుగు కరిగి పక్క వైర్లని అంటుకుంటుంది. ఇలాంటి షార్ట్ నుంచి సరైన ఫ్యూజు కాపాడుతుంది.

రెండోది లూజు జాయింటు. దీన్ని ఫ్యూజు గుర్తించదు. లెక్క చూడండి: 10 ఆంపియర్లు పోయే జాయింటులో తుప్పు వల్లో లూజు వల్లో 0.1 ఓమ్ నిరోధం వచ్చిందనుకుందాం. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 10 వాట్లు. శనగగింజంత చోట, టేపు చుట్టి గాలాడకుండా, 10 వాట్ల వేడి ఆగకుండా పుడుతుంది. ఆ వేడికి స్ప్రింగు పట్టు సడలుతుంది, లోహం నల్లబడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. అప్పటికీ ఆ దారిలో పోయే కరెంటు 10 ఆంపియర్లకి మించదు. 15 ఆంపియర్ల ఫ్యూజుకి అంతా మామూలుగానే కనిపిస్తుంది. కరిగిన కప్లర్ల (వైర్లని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గుల) పక్కన చెక్కుచెదరని ఫ్యూజు కనపడటానికి కారణం ఇదే. కాబట్టి ఫ్యూజు ఉంటే చాలదు, జాయింటు కూడా బాగుండాలి.

ఫ్యూజు కాపాడేది వైరుని. చివర ఉన్న హారన్‌నో లైటునో కాపాడటం దాని మొదటి పని కాదు. అందుకే ఫ్యూజు విలువ వైరు మందాన్ని బట్టి ఉండాలి. కారులో, బానెట్ వేడిని కూడా లెక్కలో పెట్టుకుంటే, రాగి వైరుకి ఈ కొలతలు దాటకండి: 1 చదరపు మిల్లీమీటరు వైరుకి 10 ఆంపియర్లు, 1.5కి 15, 2.5కి 20, 4కి 30. వైరు పొడవైతే, వేడి చోట పోతే, ఇంకా తగ్గించుకోవాలే తప్ప పెంచకూడదు. బ్లేడు ఫ్యూజుల రంగులు గుర్తుంటే తనిఖీ కళ్లతోనే అయిపోతుంది: 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 25 తెలుపు లేదా రంగు లేనిది, 30 ఆకుపచ్చ. సన్నటి వైరు చివర ఆకుపచ్చ ఫ్యూజు కనపడితే అక్కడ ఫ్యూజు లేనట్టే లెక్క.

ఫ్యూజు ఎక్కడుందన్నది ఇంకా ముఖ్యం. బ్యాటరీ నుంచి నేరుగా తీసిన వైరుకి, టెర్మినల్ నుంచి 15-20 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు పడాలి. ఆంప్లిఫయర్ ఫిట్టింగుల్లో తరచూ కనిపించే ఘోరం: డిక్కీలో ఆంప్లిఫయర్ పక్కన ఫ్యూజు పెడతారు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా, ఇంజను వెనక రేకు బెజ్జంలోంచి, కార్పెట్ కింద, సీటు పట్టాల పక్కగా నాలుగైదు మీటర్లు పోయే వైరుకి ఏ రక్షణా లేదు. సీటు జరిపినప్పుడల్లా పట్టా ఆ వైరుని కోస్తుంటుంది. అక్కడ షార్ట్ అయితే చివర ఉన్న ఫ్యూజు గుండా కరెంటే పోదు, ఇక అది కాలిపోయేదెలా?

ఫ్యూజు పదే పదే పోతోందని పెద్దది వేయించుకునేవాళ్లకి ఒక మాట. 2023 సెప్టెంబరులో అమెరికాలో హ్యుందాయ్, కియా కంపెనీలు 30 లక్షలకి పైగా కార్లని రీకాల్ చేశాయి. బ్రేకుల ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) మాడ్యూల్ లోపల ద్రవం లీకై షార్ట్ అవుతుందని, ఆపి ఉంచిన కారు కూడా అంటుకోవచ్చని, మరమ్మతు అయ్యేదాకా ఇళ్లకి దూరంగా, ఆరుబయట నిలపమని చెప్పాయి. దానికి ప్రకటించిన మరమ్మతు ఏమిటో తెలుసా? ఏబీఎస్ ఫ్యూజు మార్చడం. అంత పెద్ద లోపానికి మందుగా ఎంచుకున్నది ఆ చిన్న ముక్కనే. దాన్ని తీసి వెండి కాగితం చుట్టిపెట్టే మెకానిక్ దగ్గర ఇంకో నిమిషం కూడా ఉండకండి. రెండుసార్లు పోయిన ఫ్యూజు అంటే వెతకాల్సిన షార్ట్ ఎక్కడో ఉందని అర్థం.

ఇక బల్బులు. ఎక్కువమంది ఇక్కడే మోసపోతారు. కంపెనీ హెచ్4 హాలోజన్ బల్బు 60/55 వాట్లు, హైబీమ్‌లో సుమారు 5 ఆంపియర్లు. షాపులో అంటగట్టేది 100/90 వాట్లు, అంటే 8.3 ఆంపియర్లు. కరెంటు ఒకటిన్నర రెట్లు దాటి పెరిగితే అదే వైరులో, అదే స్విచ్చులో పుట్టే వేడి దాదాపు 2.8 రెట్లవుతుంది, ఎందుకంటే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ముందు హోల్డరు గోధుమరంగుకి తిరుగుతుంది, తర్వాత పెళుసెక్కుతుంది, తర్వాత కరుగుతుంది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు) కిట్ వేస్తే వైరింగ్ భారం తగ్గుతుంది నిజమే. దాంట్లో 30 నంబరు పిన్నుకి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వైరు రావాలి, 87 బల్బుకి పోవాలి, 85, 86 పిన్నుల్లో ఒకటి పాత హెడ్‌లైట్ కప్లరుకి, ఇంకొకటి ఎర్త్‌కి, అంటే బాడీకి. హోల్డర్లు సిరామిక్‌వి ఉండాలి. అయినా రిఫ్లెక్టరుకి తగిలే వేడి రిలే వల్ల తగ్గదు. మా మాట వింటే 100 వాట్ల జోలికి పోవద్దు. కంపెనీ వాట్ల బల్బునే మంచి రిలే కిట్ మీద పెట్టి చూడండి. హాలోజన్ బల్బుకి వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు 30 శాతం దాకా పడిపోతుంది. పాత వైరింగులో పోయే ఆ వోల్టేజిని తిరిగి తెచ్చుకుంటే చాలామందికి కావలసిన వెలుగు వచ్చేస్తుంది. మసకబారిన హెడ్‌లైట్ అద్దం పాలిష్ చేయిస్తే ఇంకా మేలు.

వైరులోనూ దొంగ సరుకు ఉంది. పైన రాగి పూత, లోపల అల్యూమినియం. ఆంప్లిఫయర్ కిట్లలో ఇదే ఎక్కువ. స్వచ్ఛమైన రాగితో పోలిస్తే కరెంటు మోసే శక్తి మూడింట రెండొంతులే, పైగా వంచినచోట పోగులు విరుగుతాయి, చెమ్మ తగిలితే జాయింటులో త్వరగా పాడవుతుంది. పరీక్ష సులువు: ఒక్క పోగుని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియమే. తొడుగు బాగా లావుగా ఉండి లోపల లోహం సన్నగా ఉండే మోసం వేరే ఉంది, కాబట్టి చివర కోసి లోపలి మందం చూడండి.

జాయింట్ల సంగతి. మెలిపెట్టి టేపు చుట్టింది జాయింటు కాదు. బానెట్ వేడికి టేపు జిగురు కారి ఊడిపోతుంది. వైరుని కోయకుండా పక్కనుంచి బ్లేడు గుచ్చి పట్టే క్లిప్ కనెక్టర్లు ఇంకా ప్రమాదం. కొన్ని పోగుల్ని తెంపుతాయి, మిగిలినవాటి మీదే భారమంతా పడుతుంది, గుచ్చినచోట నీరు దిగుతుంది. సరైన పద్ధతి, వైరు సైజుకి సరిపోయే కనెక్టరుని క్రింపింగ్ టూలుతో నొక్కి, లోపల జిగురున్న హీట్‌ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే) గొట్టం తొడగడం. ప్లయరుతో నొక్కింది చేత్తో లాగితే ఊడొస్తుంది, లాగి చూడండి, మొహమాటపడకండి. రేకు బెజ్జంలోంచి పోయే ప్రతి వైరుకీ రబ్బరు గ్రామెట్ (బెజ్జం అంచు కోయకుండా తొడిగే వలయం) ఉండాలి. సైలెన్సర్ గొట్టానికీ, ఎగ్జాస్ట్ మానిఫోల్డుకీ దూరంగా పోవాలి. పసుపు కప్లర్లు ఎయిర్‌బ్యాగులవి, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు వందల వోల్టులవి. ఈ రెంటి మీద చెయ్యి పెట్టే యాక్సెసరీ షాపు నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

డాష్‌క్యామ్‌కి ఏ వైరూ కోయక్కర్లేదు. ఫ్యూజు బాక్సులో దిగే ఫ్యూజు ట్యాప్ (ఉన్న ఫ్యూజు చోటునుంచే ఇంకో వైరు తీసే అడాప్టరు) వేసి, దాంట్లో కెమెరాకున్న గూటిలో 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు పెడితే సరిపోతుంది, చాలా కెమెరాలు ఒక ఆంపియర్ కూడా లాగవు. సిగరెట్ లైటర్ సాకెట్ మీద ఎంత రాసుందో చదవండి. 120 వాట్లంటే 10 ఆంపియర్లు. దానికి 300 వాట్ల ఇన్వర్టర్ తగిలిస్తే నిండు భారం మీద 25 ఆంపియర్లు కావాలి. ప్లగ్గు కరగకపోతే ఆశ్చర్యపోవాలి.

పనివాళ్లు సామాను సర్దుకోకముందే ఇవి చేయించండి:

1. వైరింగ్ మొదలుపెట్టకముందు బ్యాటరీ నెగటివ్ తీశారా లేదా గమనించండి. తీయనివాళ్లు మిగతా పని ఎలా చేస్తారో ఊహించుకోవచ్చు.
2. డాష్‌బోర్డు ప్లాస్టిక్ మూయకముందే ప్రతి జాయింటుకీ, ప్రతి ఫ్యూజుకీ ఫోటో తీసుకోండి.
3. కొత్తగా వేసినవన్నీ కలిపి 20 నిమిషాలు నడపండి. తర్వాత ఫ్యూజు హోల్డర్లు, కప్లర్లు, రిలేలు ముట్టుకుని చూడండి. గోరువెచ్చన ఫర్వాలేదు, చెయ్యి ఉంచలేనంత వేడైతే విప్పి మళ్లీ చేయాలి.
4. లోడ్ నడుస్తుండగా మల్టీమీటరుని డీసీ వోల్టుల్లో పెట్టి జాయింటుకి అటొకటి ఇటొకటి ప్రోబు ఆనించండి. 0.1 వోల్టు దాటితే ఆ జాయింటు పనికిరాదు.
5. అన్నీ ఆపి తాళం వేశాక, కారు పూర్తిగా నిద్రలోకి వెళ్లేదాకా అరగంటో గంటో ఆగి, బ్యాటరీ నుంచి పోయే కరెంటు కొలవండి. సాధారణంగా 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి.
6. బిల్లులో వైరు మందం, ఫ్యూజు విలువ, ఎక్కడ కలిపారో రాయించుకోండి.

ఇప్పటికే అన్నీ వేయించేసినవాళ్లు హెడ్‌లైట్ హోల్డర్లు వెనకనుంచి లాగి చూడండి, గోధుమరంగు మచ్చ ఉంటే మార్చేయండి. బ్యాటరీ క్లాంపు కదలకూడదు, పాజిటివ్ టెర్మినల్ మీద మూత ఉండాలి. ముందు అద్దం కింద నీళ్లు పోయే రంధ్రాల్లో ఆకులు పేరుకుంటే ఆ నీరు ఫ్యూజు బాక్సుకో లోపలి వైరింగ్‌కో చేరొచ్చు. బానెట్ కింద ఎలుక పెంటికలు, కొరికిన పోగులు కనిపిస్తే వైరింగ్ మొత్తం చూపించేదాకా బండి తీయొద్దు. మరచిపోయిన తుడుపు గుడ్డ కూడా మంటకి మేతే.

నడుపుతుండగా మాడిన వాసనో పొగో వస్తే పక్కకి ఆపి, కీ తీసేముందే డోర్ లాకులు తెరిచి అద్దాలు దించండి, వైర్లు కాలాక అవి పనిచేయకపోవచ్చు. తర్వాత ఇంజను ఆపి, అందరూ దిగి కనీసం 30 మీటర్లు దూరం వెళ్లి అగ్నిమాపక దళాన్ని పిలవండి. బానెట్ పూర్తిగా ఎత్తకండి, గాలి ఒక్కసారిగా అంది మంట మొహం మీదికి లేస్తుంది. అగ్నిమాపక సిలిండరు ఏబీసీ పౌడర్ 2 కిలోలది, డిక్కీలో కాకుండా సీటు దగ్గర గట్టిగా బిగించి, గేజి ముల్లు ఆకుపచ్చలో ఉండేలా చూసుకోండి. అది కొన్ని సెకన్లలో అయిపోతుంది, పొగ దశలో ఉన్న చిన్న మంటకి మాత్రమే, బానెట్ సందులోంచి కొట్టండి. అద్దం పగలగొట్టాల్సొస్తే పక్క అద్దం మూల మీద సుత్తితో. అద్దం మూలన లామినేటెడ్ అని ముద్ర ఉంటే అది ఆ సుత్తికి లొంగదు, ఏ తలుపు అద్దం మామూలుదో ఈరోజే చూసి పెట్టుకోండి.

ఎలక్ట్రిక్ కారు పెద్ద బ్యాటరీ అంటుకుంటే పౌడర్ సిలిండరుతో ఆరదు. ఆరినట్టు కనిపించినా గంటల తర్వాత, ఒక్కోసారి రోజుల తర్వాత మళ్లీ రాజుకుంటుంది. అలాంటి బండిని గ్యారేజీలోకి తోయకండి. చుట్టూ 15 మీటర్ల దాకా వేరే బండి, గోడ లేనిచోట నిలపమని టోయింగ్ వాళ్లకి చెప్పండి.